కొత్తపల్లెలో వేసవి దినములు

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవునపుడు తూర్పువైపు చూచినచో నల్లమల కొండలు నీలిగోడవలె మన వెంట వచ్చుచుండును. ఆ కొండలకును కుందూనదికిని నడుమనున్న నేల చాలవఱకు నల్లరేగడి. వానకాలమున కాలు పెట్టిన విడువని యీ మన్ను వేసవిలో నెఱ్ఱెలు విచ్చి, నీటికై నోరు తెఱచికొన్నట్లుండును. ఈ సీమలోనిదే కొత్తపల్లె. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన కర్నూలు జిల్లానుండి విడివడిన నంద్యాల జిల్లాలో ఈ ప్రాంతము చేరినది.

ఊరిలో క్రొత్త కట్టడములు లేచుచున్నను పాత మిద్దెలు ఇంకను కలవు. రాతిగోడలు, నాపరాళ్లు పఱచిన నేల, వీథివైపు అరుగు. బేతంచెర్ల నాపరాయి ఈ జిల్లాలోనిదే యగుటచే పేదయింటనైనను పాదమునకు చల్లదన మబ్బును. మిట్టమధ్యాహ్నము వీథిలో మనుష్యసంచార ముండదు. ప్రొద్దు వాలగానే అరుగులన్నియు మాటలతో నిండును.

మా యింటివారు బడిపంతులగుటచే వేసవిసెలవులే మాకు యాత్రాకాలము. వారి మేనత్తగారి యిల్లు ఈ యూరనే యున్నది. మా పిల్లలామెను జేజి యని పిలుతురు. తొమ్మిదేండ్ల యమ్మాయిని, నాలుగేండ్ల చిన్నవానిని వెంటబెట్టుకొని అక్కడ వారము దినము లుండవలెనని వెళ్లితిమి. జొన్నరొట్టెలు, రాగిసంకటి, సాయంకాలము బొరుగులు, రాత్రి మిద్దెమీద పడక. పిల్లలకు స్వర్గము వేఱుగా అక్కఱలేకపోయెను.

మూడవనాడు అహోబిలమునకు పోయితిమి. ఆళ్లగడ్డకు ఇంచుమించు పాతిక కిలోమీటర్ల దూరమున నున్న ఈ క్షేత్రమును గూర్చియే ఎఱ్ఱాప్రెగడ నృసింహపురాణమును రచించెను. దారిలో ఆళ్లగడ్డ శిల్పుల పాకలకడ ఆగితిమి. ఉలిదెబ్బల నడుమ సగము రూపు వచ్చిన సింహమొకటి నిలిచియుండగా, మా చిన్నవాడు దాని నోట చేయిపెట్టి నవ్వెను. దిగువ అహోబిలమున స్వామి ప్రహ్లాదవరదుడు. ఎగువ అహోబిలమున గుహలో ఉగ్రనృసింహుడు. బిడ్డకొఱకు దైవము స్తంభమును చీల్చుకొని వచ్చిన చోటని విన్నపుడు ఏ తల్లికైనను ఒడలు పులకరించును. చీకటి పడునప్పటికి కొత్తపల్లె చేరితిమి.

ఆ రాత్రి రెండవజామున చిన్నవాడు లేచి వాంతి చేసికొనెను. వెంటనే విరేచనము. తెల్లవాఱులోపల నీళ్లవంటి విరేచనములు ఆఱు అయ్యెను. ఏ నీరో, ఏ తినుబండారమో తేల్చుట యప్పుడు మా పని కాదు. ఒడలినుండి పోయిన నీటిని తిరిగి చేర్చుటయే పని. మా ప్రయాణపు సంచిలో ఓఆర్ఎస్ పొట్లములు రెండుండెను. నీరు కాచి చల్లార్చి, లీటరు కొలిచి, ఒక పొట్లమును పూర్తిగా కలిపితిమి.

అంతలో అత్తగారు వచ్చి మా చేయి పట్టుకొనిరి. “నీళ్లు పోయొద్దమ్మా! పోసేకొద్దీ పారుతానే ఉంటాయి. పొద్దుటిదాకా కడుపు ఎండగడితే అవే కట్టుకుంటాయి. లంఖణం పరమౌషధమని పెద్దలు ఊరికే అన్లేదు” అనిరి. ఆమె అయిదుగురు బిడ్డలను పెంచిన యిల్లాలు. ఆమె మాటను త్రోసివేయుట సులభముకాదు; బిడ్డ నెండగట్టుట యంతకంటెను కాదు.

“అత్తమ్మా! ఆ మాట అజీర్ణముచేసిన పెద్దవారికి చెల్లునేమో. వీని కడుపునుండి పోవునది నీరును ఉప్పును. మనము పోయకున్నను అది పోవుట మానదు. పోయినదాని చోట మరల పోయకున్న ఇంత చిన్న యొడలిలో ఏమి మిగులును?” అంటిమి.

ఆమె కొంతసే పూరకుండి, “కోతల కాలంలో ఎండకు సొమ్మసిల్లిన కూలోళ్లకు ఉప్పుగంజి పోసేవాళ్లం. ఇదీ అట్లాంటిదేనా?” అని యడిగిరి. అవును, రెండును ఒక్క కోవకు చెందినవే యంటిమి. ఆ తరువాత చెంచా ఆమెయే తీసికొనిరి. మొదట నాలుగు చెంచాలు లోనికి పోయి మరల వాంతియయ్యెను. పది నిమిషము లాగి, ఈసారి రెండుమూడు నిమిషముల కొక్క చెంచా చొప్పున పోసితిమి. అది నిలిచెను. దీపము ముందు ఆమె, తల పట్టుకొని మేము, గడియారము చూచుచు పంతులుగారు. ఆ రాత్రి అంత నిడివిగల దింకొకటి మే మెఱుగము.

తెల్లవాఱునప్పటికి వాని కన్నులు లోతుకు పోయినవి. ఏడ్చినను కన్నీరు రాలేదు. సాయంకాలమునుండి మూత్రము లేదు. ఈ మూడును చూచిన తరువాత ఇంట నుండరాదు. ప్రక్కయింటి యాటోలో ఆళ్లగడ్డకు పోయితిమి. దారి పొడవునను చెంచా ఆపలేదు.

అక్కడి వైద్యురాలు వాని పొట్టమీది చర్మమును రెండు వ్రేళ్లతో పట్టి విడిచిరి. అది మెల్లగా సర్దుకొనెను. నీరు తగ్గినదనుటకు అది గుఱుతు. వానిని తూచిరి, పదునాలుగు కిలోలు. కిలోకు డెబ్బదియైదు మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటలలో ఇంచుమించు ఒక లీటరు ఓఆర్ఎస్ త్రాగింపవలెననిరి. “సీసా ఎక్కించరా తల్లీ?” అని అత్తగారు దిగులుపడిరి. బిడ్డ త్రాగగలిగినంతవఱకు నోటి దారియే మంచిదనియు, త్రాగలేనివానికిని, మగతలో పడినవానికిని సూదిమందు నీరు తప్పదనియు ఆమె ఓపికతో చెప్పిరి. మధ్యాహ్నమునకు చిన్నవాడు మూత్రము విడిచెను. అంతటి శుభవార్త మా యింట ఆ యేడు వేఱొకటి లేదు! పదునాలుగు దినములు జింకు మాత్రలు వేయవలెననియు, ఆకలి వేసిన వెంటనే మెత్తని యన్నము, పెరుగు, అరటిపండు పెట్టవలెననియు చెప్పి పంపిరి.

ఈ పొట్లము మహిమ యెక్కడిదో సోదరీమణులు తెలిసికొనదగినది. ప్రేగులలో చక్కెర తోడున్నపుడు ఉప్పు వెంటనే లోనికి చేరును. ఆ రెంటివెంట నీరు పోవును. విరేచనములు పట్టినపుడు కూడ ఈ దారి మూసికొనిపోదు. 1971లో బంగ్లాదేశ యుద్ధకాలమున పశ్చిమ బెంగాలులోని బనగావ్ శరణార్థి శిబిరమున కలరా చెలరేగెను. నరమునకెక్కించు ద్రవము చాలకపోగా డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పును, గ్లూకోజును, సోడాను కలిపి పొట్లములు కట్టించి, నీటిలో కలిపి త్రాగింపించెను. త్రాగించినది ఎవరనుకొనిరి? చాలవఱకు రోగుల తల్లులు, బంధువులు. నూటికి ముప్పదివఱకుండిన మరణములు నాలుగింటికి లోబడినవి. 1978లో లాన్సెట్ అను వైద్యపత్రిక దీనిని ఆ శతాబ్దపు మిక్కిలి ముఖ్యమైన వైద్యపురోగతి కావచ్చునని వ్రాసెను. ఆయన 2022లో గతించగా మఱుసటి యేట ప్రభుత్వము పద్మవిభూషణ బిరుద మొసగినది.

ఇట్టి మందుపేరును తీపిపానీయములకు తగిలించి అమ్ముటయు జరిగినది. అందు చక్కెర మితిమీరినచో విరేచనములు హెచ్చునే గాని తగ్గవు. హైదరాబాదులోని పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ దీనిపై ఏండ్లతరబడి పోరాడిరి. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ, సరియైన పాళ్లు లేని పానీయములపై ఓఆర్ఎస్ అను పేరు వాడరాదని ఉత్తరువు చేసెను. ఒక తెలుగు వనిత పట్టుదలకు దేశమందలి తల్లులందఱును ఋణపడియున్నారు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2002లో నిర్ణయించిన పాళ్లివి: లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, సోడియం సిట్రేటు 2.9. పొట్లముమీద ఈ యంకెలున్నవో లేవో చూడుడు. చిన్న పొట్లములు గ్లాసెడు నీటికే యుండును గనుక ఎంత నీటికో చదివి కలుపుడు. నీరు తగ్గింపరాదు, పెంపరాదు. కలిపినది ఇరువదినాలుగు గంటలు దాటిన పాఱబోయవలెను. పొట్లము దొరకనిచోట లీటరు మంచినీటికి చదునుగా తీసిన ఆఱు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు చాలును. పల్లెలలో ఆశా కార్యకర్తలవద్ద పొట్లములు లభించును. విరేచనములో నెత్తురు పడినను, త్రాగినదెల్ల కక్కివేసినను, బిడ్డ మగతలో పడినను ఏ ప్రయోగమునకును ఆగక 108కి ఫోను చేయుడు.

వేసవిప్రయాణమునకు మూట కట్టునపుడు చీరెలు, చిరుతిండ్లు, పసుపుకుంకుమలు ఎవరును మఱువరు. వానితోపాటు నాలుగు పొట్లములు, లీటరు కొలతగల సీసా, ఒక చెంచా పెట్టుకొనుడు. వెళ్లిన యింట పెద్దలు కాదన్నచో వాదమునకు దిగవలదు. వారెఱిగిన గంజినుండియే మాట మొదలుపెట్టి, చెంచా వారి చేతికే యిండు. బిడ్డను కాపాడుటకు అట్టి రెండవ చేయి ఎంతయో అక్కఱ.