ఓడప్రయాణమున మా యత్తగారి చేతిసంచి

పెండ్లికి తరలిపోవునపుడు గాని, తీర్థయాత్రకు వెడలునపుడు గాని, మూటముల్లె సర్దుట ఆడువారి పని యని మన యిండ్లలో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఏ పెట్టెలో నేమున్నదో, మందు లెక్కడ నున్నవో, తాళపుచెవి యెవరి వద్ద నున్నదో యిల్లాలికి తెలిసినట్లు మఱియొకరికి తెలియదు. మూడు విమానములు మాఱి, అన్యదేశమున ఓడ నెక్కవలసి వచ్చినపు డీ తెలివి యెంతవఱకు పనికివచ్చునో, ఎచ్చట చాలకపోవునో నాకు 2024వ సంవత్సరము మే నెలలో అనుభవమునకు వచ్చినది. అందు నా తప్పును కలదు. దానిని దాచక చెప్పుటవలన మీలో నొక్కరికైనను మేలు కలుగునేమో యని వ్రాయుచున్నాను.

మావారు పాఠశాలలో ఉపాధ్యాయులు. మా మఱది అమెరికాలో ఉద్యోగి. తల్లికి అఱువదియైదేండ్లు నిండినవనియు, ఆమెకు సముద్రమనిన మిక్కిలి ప్రీతియనియు తలచి, మయామీ రేవునుండి బహామా దీవులకు పోయి యైదవనాడు మరలివచ్చు నొక విహారనౌకలో మా కందఱకు గదులు కుదిర్చి రమ్మని వ్రాసెను. వేసవి సెలవులగుటచే మావారు సమ్మతించిరి. పిల్ల లిద్దఱిని మా పుట్టింట విడిచి, అత్తగారు, మావారు, నేను ముగ్గురము బయలుదేరితిమి. హైదరాబాదున ఒక విమానము, గల్ఫు తీరముననున్న యొక నగరమున రెండవది, న్యూయార్కున మూడవది యెక్కి మయామీ చేరవలెను.

మా మఱది రెండు సంగతులు పట్టుపట్టి చెప్పెను. మూడు విమానములును ఒకే టికెట్టుమీద నుండవలెననుట మొదటిది. అట్లైనచో ఒకటి ఆలస్యమై తరువాతిది తప్పినను మఱియొకదానిలో పంపు భారము విమానమువారిది; వేఱు వేఱు టికెట్టులైనచో ఆ భారమంతయు మనదే, పెట్టెలను నడుమ దింపుకొని మరల నప్పగించు శ్రమయు మనదే. ఓడ బయలుదేరు దినమునకు ఒక దినము ముందుగనే మయామీ చేరవలెననుట రెండవది. ఓడ యెవరికొఱకును నిలువదు. కదలుటకు గంట, గంటన్నర ముందే ప్రయాణికులను చేర్చుకొనుట మానివేయుదురు. ఈ రెండవ మాట యెంత విలువైనదో మాకు తరువాత తెలిసినది.

మనిషికొక పెద్దపెట్టె చొప్పున మూడు పెట్టెలు సర్దితిని. ఒక్కొక్కటి 23 కిలోలు మించరాదు. ప్రతి పెట్టెలోను ఏమేమి యున్నవో నోటుపుస్తకమున వరుసగా వ్రాసికొంటిని. మావారది చూచి, “చాకలిపద్దు వ్రాయుచున్నావా?” అని నవ్విరి. బెల్టుమీద ఒకే రంగు పెట్టెలు పది వచ్చునని విని, ప్రతి పెట్టె పిడికిని పసుపుపచ్చని పాతచీర అంచు ముక్క కట్టితిని. అత్తగారు మాత్రము తమ పాత గుడ్డసంచిని విడువరైరి. కాశీకి పోయినను, అన్నవరము పోయినను ఆ సంచి వారి భుజముననే యుండును. విమానాశ్రయమున నలుగురిలో అది బాగుండదని నేను రెండు మాఱులు చెప్పితిని. వారు విని యూరకుండిరి గాని సంచిని దింపలేదు.

అత్తగారికి మధుమేహము కలదు. దినమునకు రెండు మాఱులు ఇన్సులిన్ వేసికొందురు. విమానగర్భములో పెద్దపెట్టెలుంచు చోట చలి యెక్కువ కావచ్చుననియు, ఇన్సులిన్ గడ్డకట్టినచో పనికిరాదనియు డాక్టరుగారు ముందే హెచ్చరించియుండిరి. అందుచేత మందులన్నియు నా చేతిపెట్టెలోనే యుంచితిని. ఇంతవఱకు నా తెలివి నడచినది. హైదరాబాదు కౌంటరువద్ద చేతిపెట్టె తూచిరి. ఏడు కిలోలు ఉండవలసినది తొమ్మిదిన్నర తూగెను. వెనుక జనులు నిలిచియున్నారు, మావారు తొందరపెట్టుచున్నారు. నేను గాభరాపడి పైనున్న రెండు పొట్లములు తీసి, అత్తగారి యెఱ్ఱపెట్టె తెఱచి అందులో గ్రుక్కితిని. ఒకటి సున్నియుండల పొట్లము. రెండవది మందుల పొట్లము. ఆ సంగతి నాకు విమానము గాలిలో లేచిన పిదప గాని తోచలేదు. తోచినను ఎవరికిని చెప్పలేదు. పెట్టె యెట్లును వచ్చునుగదా యని మనస్సును సమాధానపఱచుకొంటిని.

కౌంటరులోని అమ్మాయి పెట్టెలకు చీట్లు చుట్టి, వాని ప్రతిరూపములైన చిన్నచీట్లు మూడు మావారి కిచ్చెను. చీటిమీద మూడక్షరములలో చేరవలసిన యూరిపేరు, క్రింద పది యంకెలు ఉండును. పెట్టె తప్పిపోయినచో దాని నానవాలు పట్టుటకు ఆ యంకెలే యాధారము. శకుంతలకు ఉంగర మెట్టిదో ప్రయాణికునకు ఆ చిన్నచీటి యట్టిది. ఉంగరము నీటిలో జారిపోగా కట్టుకొన్నవాడే యెఱుగననెను. చీటి జారిపోయినచో పెట్టె మనదని నమ్మించుట కష్టము. నేను వానిని తీసికొని పాసుపోర్టు సంచిలో దాచితిని.

గల్ఫు నగరమున పెట్టెలు మాకు కనబడలేదు; కనబడ నక్కఱయు లేదు. అచ్చట మనుష్యులను, చేతిసామానును పరీక్షించి రెండవ విమానము నెక్కింతురు. న్యూయార్కులో దిగి పాసుపోర్టు పరీక్ష ముగిసిన పిదప మావారు తిన్నగ మూడవ విమానము వైపు నడువసాగిరి. “చీటిమీద మయామీ యనియే యున్నది. పెట్టెలు అచ్చటనే వచ్చును,” అనిరి. అచ్చటి యుద్యోగిని యొకతె మమ్ము నాపి బెల్టు చూపినది. సాధారణముగా అమెరికాకు పోవువారు ఆ దేశపు నేల మొదట నెచ్చట త్రొక్కుదురో అచ్చటనే సుంకపు పరీక్షయు జరుగవలెను. చీటిమీద ఏ యూరిపేరున్నను పెట్టెలను అచ్చట తీసికొని, తామే సుంకపుశాల దాటించి, వెలుపల మరల విమానమువారి కప్పగింపవలెను. ఈ సంగతి తెలియక పెట్టెలను బెల్టుమీద విడిచిపోవువారు కలరు.

బెల్టు తిరుగుచుండెను. పసుపుపచ్చని ముక్కలు రెండు వచ్చినవి. మూడవది రాలేదు. జనులు పలుచబడిరి, బెల్టు నిలిచిపోయినది. రానిది అత్తగారి యెఱ్ఱపెట్టె.

నాకు కాళ్లు వణకినవి. అప్పుడు చెప్పక తప్పలేదు. “అత్తయ్యగారూ! మందులు ఆ పెట్టెలోనే యున్నవి. కౌంటరువద్ద నేనే పెట్టితిని,” అంటిని. మావారి ముఖము మాఱినది. అత్తగారు మాత్రము ఒక్క మాటయు ననక, కుర్చీలో కూర్చుండి, ఒడిలో గుడ్డసంచి తెఱచిరి. అందులో తాము వాడుచున్న ఇన్సులిన్ కలము, సూదులు, డాక్టరుగారి చీటి, ఒక చీర, చిన్న డబ్బాలో అటుకులు ఉన్నవి. “కలములో రెండు దినములకు సరిపడ మందున్నదమ్మాయీ. తరువాతి సంగతి తరువాత చూతము. ముందు పెట్టె రాలేదని వారికి చెప్పుడు,” అనిరి. ఏ సంచిని నేను చిన్నతనముగా భావించితినో ఆ సంచియే నన్ను గట్టెక్కించినది.

విమానమువారి సామాను కార్యాలయమున ఫిర్యాదు వ్రాయించితిమి. ఈ పని విమానాశ్రయము విడువక ముందే చేయవలెను. వారు చీటిమీది యంకెలు అడిగిరి. పెట్టె రంగు, కొలత, గుఱుతులు అడిగిరి. లోన నేమున్నవో అడిగిరి. పెట్టె మా వెనుక వచ్చినపుడు సుంకపువారు దానిని మేము లేకయే పరీక్షింపవలసి యుండును గనుక ఆ వివరము కావలెను. మావారు నా వైపు చూచిరి. నేను నోటుపుస్తకము తీసి “చాకలిపద్దు” చదివితిని. అమెరికా యధికారులు తమ తాళముతో తెఱువదగిన తాళమునే మా మఱది ముందుగా చెప్పి కొనిపించియుండుటచే పెట్టె పగులగొట్టు బాధ తప్పినది. మయామీ బసయొక్క చిరునామా, ఓడ కదలు తేది, మరలివచ్చు తేది వ్రాసియిచ్చి, ఫిర్యాదు సంఖ్యగల కాగితము పుచ్చుకొంటిమి.

తరువాత సుంకపుశాల. తినుబండారము లేమైన నున్నవా యని అధికారి యడిగెను. తోడికోడలి కొఱకు మా పెరటి కరివేపాకు తడిగుడ్డలో చుట్టి తెచ్చితిని. చెప్పక పోయిన నేమగునని ఒక్క నిమిషము తోచినమాట నిజము. కాని ఆ దినమున ఒక సంగతి దాచిన ఫలము అప్పుడే యనుభవించియుంటిని. ఆవకాయ, కారప్పొడి, కరివేపాకు ఉన్నవని వరుసగా చెప్పితిని. చూచి, ఆవకాయను కారప్పొడిని విడిచి, కరివేపాకును మాత్రము తీసికొనిరి. జుల్మానా వేయలేదు. చెప్పక దొరికినచో వేయుదురు. కరివేప, నిమ్మ, నారింజ ఒకే కుటుంబపు మొక్కలు. కరివేప చెట్టుమీద నివసించు నొక చిన్న పురుగు నారింజతోటలకు మాఱులేని తెగులును మోయునట. ఫ్లోరిడాలో ఆ తెగులు 2005లో కనబడి, తోటల నెన్నింటినో నాశనము చేసినది. మనకు తాలింపులో వేయు రెమ్మ. వారికి రైతు కడుపుకూడు. ఆ కారణము తెలిసిన పిదప నాకు కోపము రాలేదు.

సుంకమనినంత మాత్రమున మనము భయపడనక్కఱలేదు. కౌటిల్యుని యర్థశాస్త్రములోనే సుంకాధ్యక్షుడున్నాడు. మన కోస్తాలోని మోటుపల్లి రేవున కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్దమున శాసనము వేయించి, తుపానుచే ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడల సరకును పూర్వపు రాజులవలె దోచుకొనక, నియమితమైన సుంకము మాత్రమే పుచ్చుకొందునని సముద్రవర్తకుల కభయమిచ్చెను. నియమము తెలిసి, ఉన్నది ఉన్నట్లు చెప్పువానికి సుంకపుశాల ద్వారము వంటిదే గాని గోడ వంటిది కాదు.

ఆ ద్వారము దాటి, ఉన్న రెండు పెట్టెలను వెలుపలి కౌంటరులో మరల నప్పగించితిమి. గల్ఫు నగరమున కొన్న అత్తరుసీసా నప్పుడే పెద్దపెట్టెలో పెట్టితిని. మరల జరుగు తనిఖీలో నూఱు మిల్లీలీటరులకు మించిన ద్రవమును చేతిసామానులో సామాన్యముగా పోనీయరు.

మయామీలో మఱది, తోడికోడలు ఎదురువచ్చిరి. మఱునాటి యుదయము అత్తగారిని వైద్యశాలకు తీసికొనిపోయితిమి. మన డాక్టరుగారి చీటి చూచి, వారు రక్తపరీక్ష చేసి, మందు వ్రాసియిచ్చిరి. ఒక దినము ముందుగ చేరియుండనిచో ఆ మందు లేకయే ఓడ యెక్కవలసివచ్చెడిది, లేదా అత్తగారు రేవులోనే నిలిచిపోవలసివచ్చెడిది. పెట్టె ఆనాడును రాలేదు. మధ్యాహ్నము ఓడ యెక్కితిమి.

ఓడలో సామాను పద్ధతి వేఱు. గదిసంఖ్యగల చీట్లు ముందే ముద్రించుకొని పెట్టెలకు కట్టవలెను. రేవులో కూలీలు పుచ్చుకొందురు. సాయంకాలమునకు గది వాకిట నుండును. అందుచేత అంతవఱకు కావలసిన మందులు, పాసుపోర్టు, ఒక జత బట్టలు చేతనే యుండవలెను. అగ్నిభయముచే ఇస్త్రీపెట్టెను రానీయరు. కడపటి రాత్రి పెట్టెలు కట్టి వాకిట నుంచినచో తెల్లవాఱునప్పటికి రేవునకు దింపుదురు. మావారు ఆ రాత్రి చొక్కాలన్నియు పెట్టెలో నుంచి పంపివేసి, ఉదయమున లుంగీతో మిగిలి, తమ్ముని చొక్కా యడుగుకొనిరి. నా తప్పునకు అదియే కొంత యూఱట.

అత్తగారు మాత్రము తమ సంచిలోని యొక చీర, నా చీరలు రెండు మార్చి మార్చి కట్టుకొని, అయిదు దినములును ఓడ పైయంతస్తున సముద్రమును చూచుచు కూర్చుండిరి. మరలి వచ్చునప్పటికి ఎఱ్ఱపెట్టె మయామీ బసలో మాకొఱకు వేచియున్నది. అందులోని ఇన్సులిన్ ఏ చలిలో నున్నదో తెలియదు గనుక పాఱవేసితిమి. పెట్టె ఆలస్యముచే తప్పనిసరియైన వ్యయము కలిగినచో, పెట్టె చేతికి వచ్చిన నాటినుండి 21 దినములలోపల విమానమువారికి వ్రాతమూలముగా తెలుపవలెను. ఇది 1999 నాటి మాంట్రియల్ యొడంబడిక. రసీదులన్నియు దాచియుంచి వ్రాసితిమి. కొంత సొమ్ము తిరిగి వచ్చినది.

హైదరాబాదులో దిగినపుడు అత్తగారి మెడలోని కాసులపేరు గుఱించి సుంకపువారు ప్రశ్నించిరి. పోవునపుడే అచ్చటి సుంకాధికారికి నగలు చూపి, ఇవి యిచ్చటినుండి తీసికొనిపోవుచున్నవే యని ధ్రువపత్రము పుచ్చుకొనియుంటిమి. అది చూపగనే పొండనిరి. నగలు పెట్టుకొని విదేశమునకు పోవు సోదరీమణులీ పని మఱువరాదు. పనికిమాలిన కాలహరణమని మావారు ఆనాడు విసిగిరి గాని, ఈనాడు తామే యందఱకును చెప్పుచున్నారు.

ఇంటికి వచ్చిన పిదప అత్తగారికి మంచి తోలుసంచి యొకటి కొనియిత్తునంటిని. వారు నవ్వి, “దీనికేమమ్మాయీ! ఈ మాఱు పోవునప్పుడు నీ పద్దుపుస్తకము కూడ దీనిలోనే పెట్టుము,” అనిరి. సంచి నుతికి, పిడి తెగినచోట నేనే రెండు కుట్లు వేసి, మరల వారి గదిలో చిలుకకొయ్యకు తగిలించితిని.