కొండ మీద ఒక రాత్రి, కొండ కింద ఒక రాత్రి



కంచికచర్ల దాటి విజయవాడ రోడ్డు పట్టిన వారికి కొండపల్లి కొండలు కనబడతాయి. నందిగామ వైపు నుండి విజయవాడ వరకు ఇంచుమించు 24 కిలోమీటర్ల పొడవున ఈ వరుస సాగుతుంది. 2022 నుండి మన ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోనికి వచ్చినా, ఆ కొండలు మన తాతల నాటి నుండి మన కండ్ల ముందున్నవే. రోజూ బస్సు కిటికీలో నుండి చూచేవి గనుక ఎక్కి చూచిన వారు తక్కువ. గడచిన మార్చి నెలలో మా సంఘ యౌవనస్థులు పన్నెండుమందితో మేము అక్కడికి వెళ్లాము. వెళ్లడానికి ఒక పాత కారణమున్నది. అది కూడా చెప్పవలెను.

ఇబ్రహీంపట్నం దగ్గర మలుపు తిరిగి కొండపల్లి చేరి, ఘాట్ రోడ్డు ఉన్నా పిల్లల కోరిక మీద నడిచే ఎక్కాము. ఎండ ముదరక ముందే బయలుదేరితే నడక కష్టం కాదు. పైనున్న కోట 14వ శతాబ్దంలో రెడ్డి రాజుల కాలములోనిది. తరువాత గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ నవాబులు దానిని ఏలారు. 1766లో ఆంగ్లేయుల చేతికి వచ్చింది. వారు అక్కడ సిపాయిలకు తర్ఫీదు ఇచ్చేవారు. కోటలో మూడంతస్తుల రాతి బురుజు ఉన్నది. ఆ బురుజు దగ్గర నిలువబడితే కింద ఊరు, పొలాలు, థర్మల్ విద్యుత్ కేంద్రపు పొడవైన పొగ గొట్టాలు కనబడతాయి. మాతో వచ్చిన ఒక చిన్నవాడు ఆ పొగను చూచి, "అడవి తగలబడుతోందా అయ్యగారూ?" అని అడిగాడు. వాడు నవ్వులాటకే అడిగాడు గాని, మా గుండె ఒక్కసారి జల్లుమన్నది.

మెట్ట పొలాల వారికి మంచె సంగతి చెప్పనక్కరలేదు. మొక్కజొన్న కంకి పట్టినది మొదలు కోత వరకు ఒక మనిషి మంచె మీద పండుకొని పందులను, పిట్టలను కాయవలసిందే. అడవికి కూడా అటువంటి మంచెలు ఉన్నవి. 1910 ఆగస్టులో అమెరికా దేశపు వాయవ్య భాగాన రెండు రోజుల్లోనే దాదాపు 30 లక్షల ఎకరాల అడవి కాలిపోయింది. ఆ తరువాత అక్కడి వారు కొండ శిఖరాల మీద వేలాది కావలి గోపురాలు కట్టారు. వేసవి అంతా ఒక్కో మనిషి ఒక్కో గోపురంలో ఒంటరిగా ఉండేవాడు. గది మధ్యలో గుండ్రని పటము, దాని మీద గురి చూచే పరికరము ఉండేవి. పొగ కనబడితే అది ఏ దిక్కున ఉన్నదో కొలిచి చెప్పేవాడు. ఇంకో గోపురం వాడు కూడా తన వైపు నుండి కొలిచి చెప్పగానే, రెండు గీతలు కలిసిన చోటే నిప్పు. పిడుగులు పడేటప్పుడు కాళ్లకు గాజు బుడిపెలు బిగించిన చిన్న బల్ల మీద ఉండేవారట. ఇప్పుడు అక్కడ చాలా గోపురాలలో కావలివారు లేరు. కొన్నింటిని అద్దెకు ఇస్తారు. జనులు సరదాగా కొండ ఎక్కి రాత్రి అందులో గడిపి వస్తారు.

మన దేశములో 2004 నుండి ఉపగ్రహాలు నిప్పును గుర్తిస్తున్నవి, ఆ వార్త అటవీశాఖ వారికి అందుతున్నది. అయినా నిప్పును ఆర్పేది ఉపగ్రహం కాదు. బీట్ ఆఫీసరు, ఫైర్ వాచర్లు, కొండ కింది ఊరివారు పచ్చి రెమ్మలు విరిచి కొట్టి ఆర్పవలసిందే. అందుకే వేసవికి ముందే ఎండుటాకులు ఊడ్చి ఫైర్ లైన్లు తీస్తారు. మన అడవులలో నిప్పు చాలా వరకు పిడుగు వలన రాదు, మనిషి చేతి నుండే వస్తుంది. ఆర్పని బీడీ, కొత్త గడ్డి కొరకు పెట్టే మంట, వంట చేసుకొని వదిలిన పొయ్యి, ఇవే కారణాలు.

సాయంత్రమయ్యాక కోటలో ఉండనివ్వరు గనుక దిగివచ్చి, కొండ కింద ఒక విశ్వాసి ఇంటి డాబా మీద పండుకున్నాము. భోజనాలయ్యాక పిల్లలకు మా పాత కథ చెప్పాము.

1999 ఏప్రిల్ 4న ఈస్టరు. మేము అప్పటికి ఇరవై ఏండ్ల వారము. తెల్లవారుజాము ప్రార్థన కొరకు ముందు రాత్రి మిత్రులతో ఈ కొండల వరుసలోనే పడమటి గుట్ట ఎక్కి గడిపాము. చలి లేదు, మంట అవసరము కూడా లేదు. టీ కాచుకోవాలని సరదా. దిగేటప్పుడు క్యానులో నీళ్లు అయిపోయినవి. పొయ్యి మీద కాలితో మట్టి తోసి వచ్చేశాము. ఆ ఉదయం ఆరాధనలో ఉండగానే, "గుట్ట అంటుకుంది" అని ఎవరో అన్నారు. మేము ఒకరి ముఖం ఒకరు చూచుకున్నాము. ఎవ్వరమూ నోరు తెరవలేదు. గుట్ట కింద మేకలు కాచుకొనే కుటుంబమొకటి మధ్యాహ్నం వరకు కొట్టి ఆర్పిందని తరువాత తెలిసింది. వారి మేకలకు ఆ వేసవి మేత లేకుండా పోయింది.

కథ విని పిల్లలు చాలాసేపు మాటలాడలేదు. తరువాత మేము చెప్పకుండానే ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొని, తెల్లవారే వరకు కొండ వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ రాత్రి ఎక్కడా నిప్పు కనబడలేదు. హబక్కూకు ప్రవక్త కావలి స్థలమును గూర్చి మేము ఎన్నిసార్లో ప్రసంగించాము గాని, కాపలా అంటే ఏమిటో ఆ డాబా మీద పిల్లలే మాకు చూపించారు.

మరునాడు ఆ మేకల కాపరి ఉండే ఊరికి వెళ్లాము. ఆయనకు డెబ్బై దాటినవి. మంచం మీద కూర్చుండబెట్టి ఎదుట నిలువబడి, "పెద్దయ్యా, ఆ ఏడు గుట్టకు నిప్పు పడింది మా పొయ్యి వలననే" అని చెప్పాము. ఆయన కోపపడతాడని అనుకున్నాము. ఆయన మా వైపు అలాగే చూచి, "మీరా అయ్యగారూ? ఇన్నేళ్లూ మా అన్న చుట్ట వల్లనే అనుకున్నాం. నేనే నలుగురిలో తిట్టాను. నేను కాదురా అని పోయేదాకా అన్నాడు" అన్నాడు. కాసేపు ఆగి, "ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. మా వదిన ఉంది. ఆమెకు చెప్పిపోండి" అన్నాడు.

చెప్పాము. ఆమె చేటలో కందులు చెరుగుతూనే విన్నది. "ఆ మాట అప్పుడే చెప్పుంటే బాగుండేది బాబూ" అన్నది. తరువాత లోపలికి వెళ్లి పిల్లలందరికి మంచినీళ్లు తెచ్చింది.

ప్రియులారా, నిప్పు ఆ గుట్టను ఒక్క పూట కాల్చింది. వానలు పడగానే గడ్డి మళ్లీ మొలిచింది. మా మౌనము మాత్రం ఒక నిర్దోషిని బ్రదికినంత కాలము కాల్చింది. ఆయనను క్షమాపణ అడిగే అవకాశము మాకు ఇక లేదు.

మన సంఘాలు ఇప్పటికీ ఈస్టరుకు, ఉపవాస ప్రార్థనలకు కొండలు ఎక్కుతున్నవి. ఎక్కండి, పిల్లలకు కొండను చూపించండి. అయితే ముందు అటవీశాఖ వారి అనుమతి తీసుకొనండి. రిజర్వు అడవిలో నిప్పు వదిలి రావడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరము. టీ ఇంటి దగ్గరే కాచి ఫ్లాస్కులో తీసుకొనిపోండి. అనుమతి ఉన్న చోట వండుకుంటే, పొయ్యి కొరకు ఒక క్యాను నీళ్లు వేరుగా ఉంచండి. మట్టి కప్పితే చాలదు, లోపల నిప్పు ఉంటుంది. నీళ్లు పోసి, కలిపి, చేతి వెనుక భాగాన్ని దగ్గర పెట్టి చూచి, వేడి లేదని తెలిసిన తరువాతనే దిగండి.

ఒకవేళ తప్పు జరిగితే, ఆ పూటే వెళ్లి చెప్పండి.