పడిపోవడం వయసు తప్పు కాదు

అరవై అయిదేళ్లు దాటినవారిలో ఏటా ముగ్గురిలో దాదాపు ఒకరు పడిపోతున్నా, ఇంటివారు ఆ నెపాన్ని వయసు మీదికి నెట్టి ఊరుకోవడమే ఎక్కువగా కనిపిస్తుంది. నిజానికి తొడ కండరాల బలం తగ్గడం, చూపు మందగించడం, నిద్రమాత్రల మత్తు, పడక దిగి నిలబడగానే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరగడం వంటివి రెండు మూడు కలిసినప్పుడు, నున్నటి గ్రానైటు నేల మీద ఆరని తడి మరింత ప్రమాదకరమవుతుంది. స్నానాల గదిలో జారినప్పుడు చేయి అందుకునేది తువ్వాలు ఆరేసే సన్నని కడ్డీనే. అది మనిషి బరువును ఆపడానికి బిగించినది కాదు. గృహప్రవేశానికి లక్షలు వెచ్చించే కుటుంబాలు గోడలోకి దిగేసిన గట్టి పట్టుకమ్మీ ఒక్కటి పెట్టించకపోవడం విచిత్రమే.

ఒకసారి పడినవారు భయంతో కదలడం మానేస్తే కండరాలు మరింత క్షీణించి, మళ్లీ పడే అవకాశం పెరుగుతుంది. న్యూజిలాండులో రూపొందిన ఒటాగో పద్ధతి, అంటే కాళ్ల బలాన్నీ శరీరపు నిలకడనూ పెంచే వ్యాయామాలను నడకతో కలిపి ఇంట్లోనే చేయించే విధానం, ప్రయోగ పరీక్షలలో ఈ ప్రమాదాలను సుమారు 35 శాతం తగ్గించింది. పెద్దలను కూర్చోబెట్టడం కంటే, వైద్యుని సలహాతో నడిపించడమే మేలు.