వీడా విలన్?

బ్రిటన్‌లో 2021 మే 2, ఆదివారం రాత్రి. బీబీసీ వన్‌లో 'లైన్ ఆఫ్ డ్యూటీ' ఆరో సీజన్ ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. దాదాపు కోటీ 28 లక్షల మంది చూశారు. చూసి చాలామంది ఉసూరుమన్నారు. నా ఫ్రెండ్ ఒకడు కూడా అదే బాపతు. "ఆరు సీజన్లు నిద్ర మానుకుని చూసింది వీడి కోసమా రా?" అన్నాడు.

(ఇంకా చూడనివాళ్లు ఇక్కడితో ఆపేయండి. తర్వాత నన్ను తిట్టొద్దు.)

పోలీసుల్లో ఉన్న అవినీతిపరులను పట్టుకునే ఏసీ-12 అనే విభాగం కథ ఇది. నేరగాళ్ల ముఠాతో కుమ్మక్కైన పెద్ద ఆఫీసర్ ఇంకొకడు ఎవరన్నది ఏళ్ల తరబడి నడిచిన సస్పెన్స్. ఆ విభాగాన్ని నడిపే హేస్టింగ్స్ మీదకే ఒక దశలో అనుమానం పోయింది. చివరికి దొరికిన ఆధారం ఏంటంటే, ఒక స్పెల్లింగ్ తప్పు! 'డెఫినిట్‌లీ' అనే మాటలో రెండో 'ఐ' ఉండాల్సిన చోట 'ఏ'. రహస్య సందేశాల్లోనూ అదే, పాత ఫైళ్లలోనూ అదే. దీన్ని చాలామంది ఎగతాళి చేశారు గానీ నాకు మాత్రం భలే నమ్మబుద్ధేసింది. మా ఆఫీసులో కోడ్‌లో వేరియబుల్ పేరు ఎలా తప్పు రాశారో చూసి, అది ఎవరు రాశారో చెప్పేస్తాం.

అద్దాల గది. టేప్ ఆన్ చేయగానే ఆ పొడుగాటి 'బీప్'. ఎదురుగా కూర్చున్నది ఇయాన్ బక్కెల్స్! పని చేతకాకపోయినా ప్రమోషన్లు మాత్రం వచ్చిపడే మనిషి. పెద్ద మెదడేం కాదు. అటు మాట ఇటు చేరవేశాడు, డబ్బు తీసుకున్నాడు. అంతే.

మనకేమో విలన్ అంటే ఓ లెవెల్ ఉండాలి. పది సుమోలు, వెనక మ్యూజిక్. అందుకే నా ఫ్రెండ్ బాధ నాకు అర్థమవుతుంది. అతని వాదనలో ఒక పాయింట్ కూడా ఉంది: వారం వారం హేస్టింగ్స్ ముఖం మీద కెమెరా ఆపి మనల్ని ఊరించింది రచయిత జెడ్ మెర్క్యూరియోనే కదా? అంత ఊరించి చిన్న చేపను చూపిస్తే కోపం రాదా?

వస్తుంది. అయినా నాకు ఆ ముగింపే నచ్చింది. పెద్ద మేధావి దొరికుంటే అరెస్టు చేసి, హమ్మయ్య అనుకుని టీవీ కట్టేసేవాళ్లం. బక్కెల్స్ దొరికితే ఆ సుఖం లేదు. వాడికి ప్రమోషన్ల కాగితాల మీద సంతకాలు పెట్టింది ఎవరు? వాడు పనికిరాడని తెలిసీ అన్నేళ్లు ఊరుకున్నది ఎవరు? వాళ్లెవరూ ఆ అద్దాల గదికి రాలేదు.

ఇదంతా చెప్తే నా ఫ్రెండ్ ఒప్పుకోలేదు. "సరే రా, కానీ క్లైమాక్స్‌లో కనీసం ఒక ఛేజింగ్ అయినా పెట్టాల్సింది" అన్నాడు.