నెలాఖరు ఫోన్లు

మీకూ ఈ మధ్య ఇలాంటి ఫోన్ వచ్చే ఉంటుంది. ఇంటర్‌లో పక్కన కూర్చున్న స్నేహితురాలు ఎన్నాళ్లకో పలకరిస్తుంది. పిల్లలేం చదువుతున్నారు, అత్తయ్యగారి మోకాళ్లెలా ఉన్నాయి అని అడుగుతుంది. మనకి ప్రాణం లేచొస్తుంది. ఆఖర్న, "ఆదివారం ఓ అరగంట ఉండవే, నీకో ప్లాన్ చూపిస్తాను" అంటుంది. మనసు చివుక్కుమంటుంది కదూ?

అత్తయ్యగారి గురించి అడిగింది మాత్రం నటన కాదండీ. ఆమెకి మనమీద ప్రేమా ఉంది, నెలాఖరులోగా పూర్తి చేయాల్సిన పాయింట్లూ ఉన్నాయి. గొలుసుకట్టు అమ్మకాల్లో చేరగానే, ఆమెని చేర్చుకున్న పైమనిషి, అంటే అప్‌లైన్, ఆమె చేత రాయించింది తెలిసినవాళ్ల పేర్లే. అందులో మన పేరు పైనే ఉంటుంది.

ఇంటికొస్తే ఏం చేస్తారో చూశారా? గ్లాసు నీళ్లలో టించర్ అయోడిన్ చుక్కలు వేస్తారు, నీళ్లు ఎర్రబడతాయి. వాళ్ల విటమిన్ బిళ్ల పొడి కలపగానే రంగు విరిగిపోతుంది. "ఒంట్లో విషాలూ ఇలాగే పోతాయి" అంటారు. అది సి విటమిన్ గుణం. నిమ్మకాయ పిండినా ఆ రంగు పోతుంది. సబ్బులూ పేస్టులూ అయితే సరే, నచ్చితే ఒకటి కొనుక్కోండి. షుగర్ మాత్రలు మానేసి ఈ పొడి తాగమంటే మాత్రం ఆ క్షణమే వద్దనండి, మీ అమ్మగారికీ ముందే చెప్పి ఉంచండి.

ఇక చేరమనే మాట. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చాలి, అంతే అంటారు. ఆరుని ఆరుతో హెచ్చవేస్తూ పోండి. పదో వరసకి 6 కోట్లు దాటుతుంది, పదకొండో వరసకి 36 కోట్లు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం కలిపినా ఎనిమిదిన్నర కోట్ల లోపే. కింది వరసలవాళ్లకి చేర్చుకోవడానికి మనిషెక్కడ దొరుకుతాడు? మనుషుల్ని చేర్చినందుకే డబ్బు తిరిగే పథకాలను 1978 చట్టమే నిషేధించింది. 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలైతే గుర్తింపు కార్డు లేకుండా, ముందు అడగకుండా అమ్మకానికి ఇంటికి రాకూడదన్నాయి. ఇంకొకరిని తెస్తే మీ డబ్బు వెనక్కొస్తుందని ఆశపెట్టి అమ్మకూడదనీ అన్నాయి.

మరి ఆమెకేం చెప్పాలి? "చూద్దాంలే", "మా ఆయన్ని అడిగి చెబుతా" అనకండి. మనం మర్యాదకి అన్న ఆ మాట పట్టుకుని ఆమె మళ్లీ వారం ఫోన్ చేస్తుంది, పాపం, ఆశతో. "నేను చేరను, కొనను. ఇది తప్ప ఏదైనా మాట్లాడుకుందాం" అని మొదటిసారే చెప్పేయండి. మొహమాటానికి రెండు వేల డబ్బా కొంటే ఆమెకి మేలు చేసినట్టు కాదు. ఆ అమ్మకం చూపించి అప్‌లైన్ ఆమె చేత ఇంకో పదివేల సరుకు కొనిపిస్తుంది. ఆ డబ్బాలు ఎక్కడ పేరుకుంటాయో తెలుసా? ఆమె బీరువా కింది అరలో, గడువు తేదీలు దాటిపోతూ. ఇంట్లో మాటలు పడేదీ ఆమే.

అందుకే నంబరు బ్లాక్ చేయకండి. ఆమె చుట్టూ ఉన్న స్నేహితులు ఒక్కొక్కరే తప్పుకుంటున్న రోజులవి. ఈసారి ఫోన్ మోగితే ఎత్తండి. కొననని చెప్పండి, ఆదివారం భోజనానికి రమ్మనండి, బ్యాగు ఇంట్లో పెట్టి రమ్మనండి.