అలిపిరి మెట్లు చెప్పిన పాఠం

పిల్లలూ! మీలో చాలామంది తిరుమల చూసే ఉంటారు. కాని నడిచి కొండ ఎక్కినవారు ఎందరు?

కొండ అడుగున, అలిపిరి దగ్గర పాదాల మండపం ఉన్నది. నడకదారి అక్కడే మొదలు. సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు! గాలిగోపురం చేరేసరికే ఆయాసం వస్తుంది. అది దాటితే దారి చాలావరకు చదును. చెట్ల నీడ, లేళ్ళ గుంపులు. చివర మళ్ళీ నిటారుగా మోకాళ్ళ పర్వతం. పవిత్రమైన కొండను పాదాలతో తొక్కలేక రామానుజులవారు మోకాళ్ళతో ఎక్కారని చెబుతారు.

నాకు అరవై దాటాయి. బడి మానాక నా నడకంతా కుర్చీనుంచి వీధి అరుగు దాకానే. అయినా మనమడితో పందెం వేసి వట్టికాళ్ళతో ఎక్కాను, నడిచే దిగాను. మర్నాడు రెండు పిక్కలూ పట్టేశాయి. మూడు రోజుల్లో తగ్గాయి. ఆ తరవాత ఒక ఉదయం మంచం దిగి కాలు మోపానో లేదో, కుడి మడమలో మేకు దిగినట్టయింది! కొంచెం నడిస్తే తగ్గింది. మర్నాడూ అంతే. ముల్లు లేదు, దెబ్బ లేదు. మరి ఏమిటిది?

డాక్టరుగారు ఒకటే అడిగారు: ‘‘మాస్టారూ, ఈమధ్య అలవాటు లేని పని ఏం చేశారు?’’

కొండ సంగతి చెప్పాను. ఆయన నవ్వారు.

పాదంలో 26 ఎముకలున్నాయి. వాటి వంపును నిలబెడుతూ మడమనుంచి వేళ్ళదాకా, వింటికి నారిలాగా, గట్టి పట్టీ ఒకటి ఉన్నది. ఒక్కసారిగా బరువు పడితే అది మడమ దగ్గర దెబ్బతింటుంది. రాత్రి బిగిసి ఉండి, పొద్దున మొదటి అడుగుకు సాగుతుంది. అదే ఆ పోటు.

ఇది వినగానే నాకొక పాత తప్పు గుర్తుకు వచ్చింది. ఎన్నడూ పరుగెత్తని కుర్రవాడొకడు ఆటల పోటీలకని పది రోజులు రెండుపూటలా పరుగెత్తి, కుంటుతూ వచ్చాడు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ‘‘డ్రిల్లు ఎగ్గొట్టే ఎత్తు!’’ అని వాణ్ణి మళ్ళీ పరుగెత్తించాను. మూడు వారాలకు ఇంకో ఎక్స్‌రే తీస్తే, పాదపు ఎముకలో సన్నని పగులు! అటువంటి పగులు మొదట్లో ఎక్స్‌రేకు అందకపోవచ్చు. దూరాలు నడిచే సిపాయిల పాదాలలో ఈ బాధను బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనికవైద్యుడు 1855లోనే వర్ణించాడు. నాకది తెలియదు. వాణ్ణి క్షమించమన్నాను, కాని వాడు పడిన బాధను వెనక్కు తీసుకోలేను గదా!

కనుక పిల్లలూ, కాలు నొస్తే దాచకండి. రెండు కాళ్ళూ పీకి, రెండుమూడు రోజుల్లో తగ్గితే అది కండరాల అలసట. ఒకేచోట వేలు పెడితే ప్రాణం పోయేటట్టున్నా, వాచినా, కాలు మోపలేకపోయినా నడక ఆపి డాక్టరుకు చూపించాలి. పెద్దలారా, పిల్లవాడు నొప్పి అంటే ముందు నమ్మండి.

నా మడమ నెమ్మదించటానికి నెలలు పట్టింది. ఇప్పుడు రోజూ కాస్త కాస్త దూరం పెంచుతూ నడుస్తున్నాను. మళ్ళీ కొండ ఎక్కుతాను. కాని, పందెం మాత్రం వెయ్యను!