యాసిడ్ సీసా, కుంకుడు గిన్నె

సంక్రాంతికి ఇళ్ళు దులిపే రోజులొస్తున్నాయి, మందులూ రసాయనాలూ లేకుండా ఇల్లు కడుక్కోవడం మీద ఏదైనా రాయమన్నారు సంపాదకులు. గరివిడి పక్క పల్లెలో ఇంకా పాత పద్ధతే నడిపే ఇల్లుందని మిత్రుడు చెబితే బయల్దేరాను. గరివిడి అనగానే ఎవరికైనా మాంగనీసే గుర్తొస్తుంది. దేశంలో ఆ ఖనిజం తవ్వకం 1892లో మొదలైంది ఈ చుట్టుపక్కలే. దారిపొడవునా లారీలు, దుమ్ము.

ఆ ఇంట్లో ఆవులశాలా కూరపాదులూ చూపిస్తామన్నారు. నేను మాత్రం పెరట్లో కుంకుడుకాయలు కొడుతున్న మామ్మ దగ్గరే ఆగిపోయాను. పొత్రంతో ఒక్క దెబ్బ. కాయ పగలాలి, గింజ చితక్కూడదు. నల్లటి గింజ ఒకవైపు, బంకసాగే తొక్క ఒకవైపు. నురగనిచ్చే సపోనిన్లు ఉండేది ఆ తొక్కలోనే. రాత్రి వేడినీళ్ళలో నానేసిన తొక్కల్ని పిసికి, పాతపంచె గుడ్డలో వడగట్టింది. ముడతలుపడ్డ వేళ్ళ సందుల్లోంచి నురగ పొంగింది. సీసాలో పోసి దాచుకోరాదా అన్నాను.

"రెండ్రోజులైతే కంపుకొట్టీత్తాది బాబూ. ఏ పూటదా పూటే."

తర్వాత ఇత్తడి బిందె. చారుకి పిండేసిన చింతపండు పిప్పి, చిటికెడు ఉప్పు, కొబ్బరిపీచు. చింతపండులోని పులుపు చిలుముని కరిగిస్తుంది. చూస్తుండగానే పచ్చటి మరక కింద నుంచి ఇత్తడి మెరిసింది. నేను మెచ్చుకోలు మాటలు వెతుక్కుంటున్నాను. ఇంతలో దొడ్డివైపు నుంచి కోడలి గొణుగుడు వినిపించింది.

"మా అత్తకేటి, బిందె తోమీసి కూకుంటాది. మరుగుదొడ్డి టైల్సు తోమీది నాను కదా. యాసిడ్ పోత్తే కళ్ళు మండిపోతాయి, గొంతు పట్టీత్తాది."

వెళ్ళి చూస్తే కూల్‌డ్రింక్ సీసాలో యాసిడ్. చీటీ లేదు, పేరు లేదు. పక్కనే బ్లీచింగ్ పౌడర్. రెండూ కలిపితేనే మరక వదుల్తాదని ఆమె నమ్మకం. నా గుండె ఝల్లుమంది. అలా కలిపితే పుట్టేది క్లోరిన్ వాయువు. 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది దాన్నే. విడి యాసిడ్ అమ్మేవాళ్ళు కొనేవారి పేరూ చిరునామా రాసుకోవాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. కిరాణాకొట్లో ఎవరు రాస్తున్నారు?

అమ్మమ్మల పద్ధతులు పోయాయని వాపోవడం మనకి అలవాటైపోయింది. ఆ పద్ధతులు మట్టినేలకీ ఇత్తడికీ కట్టెపొయ్యికీ అమరినవి. గ్యాసొచ్చాక బూడిద లేదు. పొగా పోయింది, సంతోషమే. మట్టినేల పోయి టైల్సొచ్చాక పేడతో అలికేదెక్కడ? కొత్త నేలలొచ్చాయి, కొత్త మరుగుదొడ్లొచ్చాయి. వాటికి ఏ మెత్తటి సరుకు పనికొస్తుందో ఈ కోడలికి చెప్పినవాళ్ళు లేరు. ఆ ఖాళీలోకి యాసిడ్ సీసా వచ్చి కూర్చుంది. నాకు కోపం తెప్పించింది అదే.

ఉప్పునీటి చారలకి నిమ్మఉప్పు చాలు. నీళ్ళలో కలిపి రాత్రి పోసి ఉంచితే పొద్దున్నకి చాలావరకు వదులుతాయి. పాలరాతి మీద మాత్రం వద్దు, రాయి పాడవుతుంది. కుంకుడు రసం జిడ్డు వదిలిస్తుంది గానీ క్రిముల్ని చంపుతుందని భరోసా పెట్టుకోకూడదు. ఇంట్లో ఎవరికైనా విరేచనాలైతే బ్లీచింగ్ కావాల్సిందే. అది ఒక్కటే, నీళ్ళలో కలిపి, తలుపు తీసిపెట్టి వాడాలి. ప్రకృతి పేరు చెప్పి ఈ తేడా దాచేస్తే మోసమే.

ఇంకొక మాట. సీతంపేట, పార్వతీపురం కొండల్లో కుంకుడుకాయలూ కొండచీపుళ్ళూ ఏరి తెచ్చేది గిరిజనులు. వాళ్ళ దగ్గర కొనడానికి గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ ఉంది. పచ్చటి ఆకు బొమ్మేసిన ఖరీదైన సీసాలు ఎగబడి కొనే మనం, కుంకుళ్ళ దగ్గర మాత్రం రూపాయి రూపాయికీ బేరమాడతాం.

ఈ పండక్కి రెండు పనులు చెయ్యండి. యాసిడూ బ్లీచింగూ ఒకచోట చేరనివ్వకండి. రాత్రి నిమ్మఉప్పు నీళ్ళు పోసిన మరుగుదొడ్డిని పొద్దున్నే తోమే పని ఇంట్లో మగవాళ్ళు తీసుకోండి.